జ్ఞానయ్య ఇచ్చిన చిప్పు

ఏడుకొండలుకి ఒక అలవాటు ఉంది. చెడిపోయిన వస్తువు ఏది ముందుకొచ్చినా దాన్ని తిట్టడంతోనే పని మొదలుపెడతాడు. మార్కాపురంలో ఆయన రిపేరు షాపు ముందు నుంచి నడిచిపోయే వాళ్ళకి ఈ సంగతి తెలుసు కాబట్టి, లోపల ఎవరితోనో పోట్లాడుతున్నాడని ఎవరూ ఆగి చూడరు. టీవీని తిడతాడు, మిక్సీని తిడతాడు, ఇన్వర్టర్నయితే దాని తాత ముత్తాతల దాకా పోతాడు. తిడుతూనే బాగు చేస్తాడు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున నిత్యానందం ఇంట్లో ఆక్సిజన్ మిషను ముందు గొంతుక్కూర్చుని ఒక్క మాట కూడా తిట్టలేదు. అది చూసి నిత్యానందం పెళ్ళాం రత్నమ్మకి భయం పట్టుకుంది.

"ఏంది అల్లుడా, ఏమీ మాట్లాడవు?" అంది.

"చూస్తున్నా అత్తా."

చుట్టరికం లేదు. వాళ్ళు చర్చికి పోతారు, వీళ్ళు కొండకి పోతారు. అయినా ఏడుకొండలు ఊహ తెలిసినప్పటి నుంచీ నిత్యానందం మామే, రత్నమ్మ అత్తే.

ఆ మిషను చక్రాల మీద నడిచే చిన్న బీరువాలా ఉంటుంది. గదిలో గాలిని లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి గొట్టం గుండా ముక్కుకి పంపిస్తుంది. కరోనా అప్పుడు చర్చి వాళ్ళు కొన్ని తెప్పించి పెట్టుకున్నారు. రోగం సద్దుమణిగాక, అవసరం ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళకి తలా ఒకటి చేర్చారు. అప్పటి నుంచి నిత్యానందం దాని మీదే బతుకుతున్నాడు. ముందు రోజు గాలివానకి కరెంటు పోయింది. వస్తూ వస్తూ ఎంత జోరుగా వచ్చిందో, వీధిలో రెండు టీవీలూ, ఈ మిషనూ ఒకేసారి పడుకున్నాయి. స్విచ్చి వేస్తే లైట్లు అన్నీ వెలుగుతాయి, ఒకటే కూత కూస్తుంది, మోటారు మాత్రం తిరగదు.

నిత్యానందం మంచం మీద దిండ్లు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకి ఉన్న గొట్టం పక్కనున్న సిలిండరుకి తగిలించి ఉంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు దయతలిచి ఇచ్చిన సిలిండరు అది. దాని మీద ముల్లు ఎర్ర గీత వైపు దిగుతోంది. సాయంత్రం దాకా వస్తుందేమో. తర్వాత ఇంకొకటి లేదు. ఊళ్ళో అడగాల్సిన వాళ్ళనందరినీ రత్నమ్మ అడిగేసింది. సాయంత్రానికి మిషను తిరక్కపోతే నూట ఎనిమిదిని పిలిచి ఒంగోలు తీసుకుపోవాలి.

అక్కడే చిక్కు. పోయినేడు ఒంగోలు ఆస్పత్రిలో నిత్యానందాన్ని అద్దాల గదిలో పెట్టారు. బయట వరండాలో రత్నమ్మ, లోపల ఈయన. తెల్లారిందో పొద్దుగూకిందో తెలియదు, తెలిసిన మొహం ఒక్కటి కనపడదు. చచ్చి బతికి ఇంటికొచ్చాక ఒకటే మాట అన్నాడు. "నన్ను ఇంకోసారి ఒంగోలు తీసుకపోతే నేను తిరిగి రాను. పోయేదేదో నా మంచం మీదనే పోతా." ఊరికే మాటలు చెప్పే మనిషి కాదు ఆయన. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకీ తెలుసు, ఏడుకొండలుకీ తెలుసు.

ఏడుకొండలు తండ్రి గోవిందయ్యా, నిత్యానందమూ పలకల ఫ్యాక్టరీలో పక్కపక్కనే రాయి కోసినవాళ్ళు. దేశమంతా పిల్లలు ఆ పలకల మీద అక్షరాలు దిద్దుకున్నారు. పలకలు పోయి నోటు పుస్తకాలు వచ్చాయి గానీ, కోసిన వాళ్ళ గుండెల్లో చేరిన దుమ్ము మాత్రం పోలేదు. గోవిందయ్య దగ్గి దగ్గి ముందే పోయాడు. దినాలు కాగానే, ఇల్లు గడవక ఆయన భార్య పాపమ్మ కొడుకుని తండ్రి జాగాలోకి పంపించింది. అప్పటికి ఏడుకొండలుకి మీసం కూడా రాలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిత్యానందం వాడి రెక్క పట్టుకుని ఆపేశాడు. "ఇంటికి పో. మళ్ళా ఇక్కడ కనపడొద్దు," అన్నాడు. మర్నాడు తనే తీసుకుపోయి ఒక రేడియో మెకానిక్ దగ్గర కూర్చోబెట్టాడు.

ఏడుకొండలు ఇప్పటికీ కొండ మీదికి మెట్ల దారిన ఎక్కి పోతాడు. ఆయాసం రాదు. పైన నిలబడి గాలి పీల్చుకున్న ప్రతిసారీ ఆయనకి నిత్యానందం గుర్తొస్తాడు. నా ఊపిరి ఆ మనిషి పెట్టిన భిక్ష అనుకుంటాడు. ఎప్పుడూ పైకి చెప్పలేదు. అలాంటివి మన మగవాళ్ళు పైకి చెప్పుకోరు, ఏం చేస్తాం.

మిషను వెనక రేకు విప్పి, మీటరు పెట్టి అంతా తడిమి చూశాడు. మోటారు బాగుంది. కరెంటు అన్ని చోట్లకీ అందుతోంది. చివరికి బోర్డు మీద సాకెట్లో కూర్చుని ఉన్న చిన్న మెమరీ చిప్పు దగ్గర ఆగాడు. ఎనిమిది కాళ్ళ పురుగంత ఉంటుంది. మిషను స్విచ్చి వెయ్యగానే ఏం చెయ్యాలో, ఏది ముందో ఏది వెనకో, అంతా రాసిపెట్టి ఉండేది దాన్లోనే. దెబ్బకి దాని మతి పోయింది. ఇలాంటిది టీవీల్లో బోలెడు చూశాడు.

"చిప్పు పోయింది అత్తా. కొత్త చిప్పు నా దగ్గరుంది. అయితే అది ఖాళీది. దాన్లో రాత రాయాలంటే, ఇదే రకం మిషనుది బాగున్న చిప్పు ఒకటి చూసి రాసుకోవాల."

కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి ఎంతో తియ్యగా మాట్లాడి, మనిషి వచ్చేది వచ్చే వారమని చెప్పింది. రత్నమ్మ కాసేపు ఆలోచించి, "మా జ్ఞానయ్యన్న దగ్గర ఉంది గదా," అంది. జ్ఞానయ్య ఆమెకి పెదనాన్న కొడుకు, బేస్తవారిపేటలో ఉంటాడు. చర్చి వాళ్ళు ఈ మిషనుతో పాటు తెప్పించిన వాటిలో ఇంకొకటి ఆయనకే ఇచ్చారు.

ఏడుకొండలు అప్పటికప్పుడే బండి తీశాడు. కంభం దాటి బేస్తవారిపేట చేరేసరికి జ్ఞానయ్య వాకిట్లో మేకలకి సుబాబుల్ రెమ్మలు వేస్తున్నాడు. రెండు రెమ్మలు వెయ్యడం, ఆగి గోడ పట్టుకోవడం. సంగతి విని మిషను చూపించాడు.

"ఇది పీకితే నాది ఆగిపోతుందా?"

"ఆగిపోతుంది పెద్దాయనా. తెచ్చి పెడితే మళ్ళా నడుస్తాది."

"పగలు ఎట్లనో కూచుంటా. పండుకుంటేనే నాకు ఊపిరాడదు. పొద్దుగూకే లోపల తెస్తావా?"

"తెస్తా."

"అయితే తీసుకపో. నిత్యానందాన్ని అడిగినానని చెప్పు."

అంతే. ఒట్టు లేదు, ఒడంబడిక లేదు. ఏడుకొండలు ఆ చిప్పుని పీకి స్పాంజి ముక్కకి గుచ్చి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, డబ్బాని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఒక చెయ్యి జేబు మీదే ఉంది.

షాపు వెనకాలే ఆయన ఇల్లు. నడుమ గడప మీద తల్లి పాపమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. దసరా పోయి నెల దాటినా, పండక్కి ఆమె పెట్టిన బొట్లు షాపులో ఇంకా చెరగలేదు. షట్టరు మీద, టంకం వేసే ఇనుము మీద, మీటరు మీద, కంప్యూటరు డబ్బా నెత్తిన, అంతటా గంధం, పసుపు, నడుమ కుంకుమ. పనిముట్లకి పూజంటే పాపమ్మ స్క్రూడ్రైవర్‌ని కూడా వదిలిపెట్టదు.

సొరుగులోంచి చిప్పులు రాసే పరికరం తీశాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నల్ల బోర్డు. ఒక కొసన కంప్యూటరుకి గుచ్చే యూఎస్‌బీ మూతి, ఇంకో కొసన ఆకుపచ్చ సాకెట్టు. సాకెట్టు పక్కన ఉన్న లీవరు ఎత్తితే అది నోరు తెరుస్తుంది, దించితే చిప్పు కాళ్ళని కరిచి పట్టుకుంటుంది. పాత కంప్యూటరుతో దాని మీద ఎన్నో టీవీ చిప్పులు రాశాడు. వేసవిలో ఆ కంప్యూటరు చచ్చింది. ఊరందరి సామాన్లు బాగు చేసేవాడు తన కంప్యూటరుని మాత్రం బాగు చేసుకోలేక, గిద్దలూరులో నెట్ సెంటరు మూసేస్తున్న వినయ్ కుమార్ దగ్గర పాతది ఒకటి కొనుక్కున్నాడు. దాన్లో ఈ పరికరానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. ఇప్పుడు మొదటి నుంచి ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ అంటే ఏడుకొండలుకి కాళ్ళు చేతులు ఆడవు. టంకం ఇనుము అయితే చేతిలో ఉంటుంది, ఇది కంటికి కూడా కనపడదాయె.

వినయ్ కుమార్‌కి వీడియో కాల్ చేసి, ఫోనుని సీసం తీగ చుట్టకి ఆనించి నిలబెట్టాడు.

"నేను పంపిన లింకు నొక్కన్నా," అన్నాడు వినయ్.

నొక్కాడు. ఫైలు దిగింది, మరుక్షణం మాయమైంది. కంప్యూటర్లో కాపలా ఉండే యాంటీవైరస్ దాన్ని దొంగ అనుకుని మింగేసింది. వినయ్ చెప్పినట్టు కాపలావాణ్ణి కాసేపు పడుకోబెట్టి మళ్ళీ దించాడు. ఈసారి నిలిచింది. తర్వాత డ్రైవర్ ఎక్కించాలన్నాడు. డ్రైవర్ అంటే ఇంకేం లేదు, పరికరానికీ కంప్యూటరుకీ నడుమ దుబాసీ. అది లేకపోతే ఒకరి మాట ఒకరికి తెలియదు. ఎక్కించినా సరే, పరికరం పేరు పక్కన పసుపు గుర్తు పడుతోంది.

"ముందు పక్క గుచ్చినావా? వెనక గుచ్చన్నా. ఆ ముందువి నా దగ్గరున్నప్పుడే సరిగా పనిచేసేవి గావు."

"ఈ మాట అమ్మేటప్పుడు చెప్పలేదే నువ్వు."

"నువ్వు అడగలేదు గదన్నా."

వెనక గుచ్చాడు. తనని ఆపి మళ్ళీ వెయ్యమని కంప్యూటరు అడిగింది. వేస్తే తెర మీద గుండ్రని సున్నా తిరుగుతుంది, తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. ఏడుకొండలుకి ఓపిక చచ్చిపోయి, పొద్దుటి నుంచి మొదటిసారిగా నోరు విప్పి దాని వంశాన్నంతా కడిగేశాడు. గడప మీద పాపమ్మ, "అమ్మయ్య, తిట్టినాడు," అనుకుని స్థిమితంగా చిక్కుడుకాయల మీద పడింది.

తిట్లకో మరి దేనికో కంప్యూటరు లేచింది. పసుపు గుర్తు పోయింది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే, కింద మూలన పరికరం తగులుకుందని అక్షరాలు వచ్చాయి. ఏడుకొండలు చేతులు తుడుచుకుని, జ్ఞానయ్య చిప్పుని డబ్బాలోంచి తీసి, లీవరు ఎత్తి, సాకెట్లో పెట్టి, లీవరు దించాడు. చదివే బటను నొక్కాడు. పచ్చ గీత ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. తెర నిండా వచ్చింది చూస్తే అన్నీ ఎఫ్‌లే. ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్, కిందికి ఎంత జరిపినా అదే.

అలా వచ్చిందంటే చిప్పులో ఏమీ లేదని అర్థం. ఖాళీ పలక.

ఏడుకొండలు బటన్ల వైపు చూశాడు. చదివే బటను పక్కనే చెరిపేసే బటను ఉంది. రెండూ ఒకే సైజు, అన్నదమ్ముల్లా ఆనుకుని ఉన్నాయి.

"వినయా, ఖాళీ అంటాందే."

"చెరిపేది నొక్కలేదు గదా?"

"లేదు. లేదనుకుంటా."

"అనుకుంటా ఏందన్నా?"

నొక్కిన వేలు తనదే, చూసిన కళ్ళు తనవే, అయినా నమ్మకం కుదరలేదు. చిప్పు తీసి మళ్ళీ పెట్టాడు, అవే ఎఫ్‌లు. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు, అయినా అంతే. ఒక మనిషి ఊపిరి నిలబెడదామని పోయి ఇంకో మనిషి ఊపిరి చెరిపేశానా అనుకున్నాడు. వాకిట్లో గోడ పట్టుకుని నిలబడ్డ జ్ఞానయ్య కళ్ళ ముందు కనపడ్డాడు. పొద్దుగూకాక ఆ ముసలాయన ఎలా పడుకుంటాడు?

అప్పుడే రత్నమ్మ ఫోను చేసింది. "ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చింది అల్లుడా. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యమంటావా?"

"కాసేపు ఆగు అత్తా. వస్తున్నా."

ఏం చెయ్యాలో తోచక అన్నాడు గానీ, లేచి నిలబడేసరికి బుర్ర కొంచెం పనిచేసింది. చిప్పు బతికుందో లేదో కంప్యూటరు ఒక్కటే చెప్పాలా? నిత్యానందం మిషన్లో పెడితే అదే చెబుతుంది. తిరిగితే చిప్పు బాగున్నట్టు. తిరక్కపోతే ఇక తన మొహం ఎవరికీ చూపించక్కర్లేదు.

ఆ ఇంటికి నడిచిపోయి, రేకు విప్పి, చిప్పుని బోర్డు మీది సాకెట్లో గట్టిగా నొక్కాడు. స్విచ్చి మీద వేలు పెట్టి కాసేపు వెయ్యలేకపోయాడు. చివరికి వేశాడు. ఒక కూత వచ్చింది. ఆగింది. లోపల ఏదో గుర్రుమంది, మోటారు అందుకుంది, గొట్టం కొసన గాలి బుసబుసమని వచ్చింది.

ఏడుకొండలు గొట్టం కొసకి అరచెయ్యి అడ్డం పెట్టి గాలి చూసుకున్నాడు. చెరపలేదు. నేను చెరపలేదు. ఆ ఒక్క మాటే లోపల తిరుగుతోంది. రత్నమ్మ, "దేవా, నీకు స్తోత్రం," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సిలిండరు గొట్టం తీసి మిషనుది తగిలించింది. నిత్యానందం వేలికి పెట్టిన క్లిప్పులో అంకెలు ఒక్కొక్కటే పైకెక్కాయి. పెదాల మీది నలుపు తగ్గింది.

"బాగైందా?" అన్నాడు నిత్యానందం.

"ఇది జ్ఞానయ్య చిప్పు మామా. కొత్తది ఇంకా రాయలేదు. కంప్యూటరు దీన్ని చదవనంటాంది."

రత్నమ్మ మెల్లగా, తల ఎత్తకుండా, "ఈ పూటకి ఉండనీరాదా? అన్నకి నేను చెప్పుకుంటా. ఆయన మా మనిషే గదా," అంది. ఆమెని ఎలా తప్పు పడతాం? ఏడుకొండలు మనసులోనూ అదే మాట అప్పటికే తొంగి చూసింది. ఒక్క పూట. మహా అయితే రేపటి దాకా.

నిత్యానందం రెండు మూడు సార్లు నిండుగా గాలి పీల్చుకున్నాడు. మాట్లాడ్డానికి సత్తువ కూడదీసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

"పొద్దుగూకే లోపల తెస్తానన్నావా ఆయనకి?"

"అన్నా."

"అయితే తియ్యి."

"మామా..."

"ఆయన పండుకోవాల్సిన ఊపిరి నాకొద్దు. తియ్యిరా."

రత్నమ్మ గొట్టం మళ్ళీ సిలిండరుకి మార్చింది. ఏడుకొండలు స్విచ్చి ఆపి, మిషను గుర్రుమంటూ సద్దుమణిగేదాకా ఆగి, చిప్పు పీకాడు. కాలు ఏదైనా వంగిందేమోనని వాకిట్లోకి తెచ్చి ఎండలో పెట్టి చూశాడు.

కాళ్ళు బాగానే ఉన్నాయి. అయితే పై భాగంలో, కాళ్ళు చిప్పు ఒంటికి అతుక్కునే చోట, ఏదో పచ్చగా ఉంది. గోటితో గీకాడు. పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

పసుపు. కొంచెం గంధం కూడా.

షాపు దాకా ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. వస్తూనే ఆ పరికరాన్ని తీసి, లీవరు ఎత్తి, టార్చి వేసి సాకెట్టు లోపలికి చూశాడు. గొంతు దాకా ఎండిపోయిన పసుపు ముద్ద. రెండు వరసల పళ్ళ మీదా, సున్నం కొట్టినట్టు, గంధం పూత. ఎప్పుడు పెట్టినా చిప్పు కాళ్ళకి తగిలింది ఇనుము కాదు, దసరా.

"అమ్మా," అన్నాడు.

పాపమ్మ తలెత్తింది.

"దసరాకి దీనికి కూడా బొట్టు పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల ఉంటానురా? ఎన్ని టీవీలు బాగు చేసి పెట్టిందో, పండగ పూట దాన్నొక్కదాన్నే వదిలేస్తానా? నలుపు మీద ఆనలేదు, ఆ పచ్చదాని మీద పెట్టినా. మీద నున్నగా ఉండి నిలవలేదని, ఆ పుల్ల ఎత్తితే నోరు తెరిచింది గదా, లోపల పెట్టినా. కడుపునిండా పెట్టినా."

ఏడుకొండలుకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. పొద్దుటి నుంచి యాంటీవైరస్‌ని పడుకోబెట్టాడు, దుబాసీని మార్చాడు, కంప్యూటరు తాతల్ని తిట్టాడు, తన వేలిని తనే అనుమానించాడు. పాపం కంప్యూటరు ఉన్నది ఉన్నట్టే చెప్పింది. దానికి ఏమీ అందడం లేదని చెప్పింది.

పాపమ్మకి విషయం అర్థమయ్యేసరికి మొహం మాడిపోయింది. "నిత్యానందానికి నా వల్లనే ఇట్లయిందా నాయనా? నేను పెట్టింది మంచికే గదరా," అంది, చేతిలో చిక్కుడుకాయ పట్టుకునే.

"నీ వల్ల గాదులే అమ్మా. వాడబోయే ముందు చూసుకోవాల్సింది నేను. నువ్వు ఆ పళ్ళు తోముకునే బ్రష్షు తే, పాతది."

బ్రష్షూ, బోర్డులు కడిగే స్పిరిటూ తీసుకుని, తల్లి టార్చి పట్టుకుని నిలబడితే, సాకెట్టు పళ్ళని ఒక్కొక్కటే తోమాడు. గుండుసూదికి గుడ్డ చుట్టి సందులు తుడిచాడు. చిప్పు కాళ్ళు కూడా తుడిచి, ఆరేదాకా ఆగాడు. ఆ ఆగడమే కష్టమైంది. పాపమ్మ అయితే విసనకర్ర తెచ్చి విసిరింది.

చిప్పు పెట్టాడు. లీవరు దించాడు. ఈసారి బటను మీద పేరు రెండుసార్లు చదువుకుని, ఇంగ్లీషు రాదని తెలిసీ పాపమ్మకి కూడా చూపించి, నొక్కాడు. పచ్చ గీత పాకింది. తెర నిండా అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా వచ్చిపడ్డాయి. ఒక వరసకీ ఇంకో వరసకీ పొంతన లేదు. పక్క గడిలో మిషను కంపెనీ పేరు కూడా వచ్చింది. ఇంత గజిబిజి చూసి ఇంత సంతోషించిన మనిషి మార్కాపురంలో ఇంకొకడు ఉండడు.

"వచ్చింది వినయా," అన్నాడు మళ్ళీ ఫోను చేసి.

"చూసినావా, నా కంప్యూటరుదేం తప్పు లేదు," అన్నాడు వాడు.

ఇంకోసారి చదివించి, రెండు చదువులూ ఒకటేనని సరిపోల్చుకున్నాడు. పేరు పెట్టి దాచుకున్నాడు. ముందు జ్ఞానయ్య చిప్పుని సాకెట్లోంచి తీసి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, డబ్బాని జేబులో పెట్టి, జేబుకి పిన్నీసు పెట్టుకున్నాడు. దాని తర్వాతే కొత్త చిప్పు పెట్టి, రాసే బటను నొక్కాడు. రాసింది. రాసింది సరిగ్గా ఉందో లేదో కంప్యూటరు తనకు తానే సరిచూసుకుని, సరేనంది. ఏడుకొండలు కంప్యూటరు డబ్బా నెత్తిన అరచేత్తో నిమిరాడు. ఇందాక తిట్టినదానికి అదే క్షమాపణ.

నిత్యానందం ఇంట్లో కొత్త చిప్పు కూర్చోబెట్టి స్విచ్చి వేస్తే, ఒక కూత, గుర్రు, బుసబుస. రత్నమ్మ ఈసారి స్తోత్రం చెప్పడానికి కాసేపు ఆగింది. వేలి క్లిప్పులో అంకెలు పైకెక్కి నిలబడ్డాక, "ఇది మనదేనా?" అని అడిగింది.

"మనదే అత్తా."

అప్పుడు చెప్పింది. ఏడుకొండలు ఆ మాట వింటూనే బండి ఎక్కాడు.

బేస్తవారిపేట చేరేసరికి ఎండ ఎర్రబడింది, పొద్దు ఇంకా కుంకలేదు. జ్ఞానయ్య మేకల్ని దొడ్లోకి తోలి, అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. చిప్పు పెట్టి స్విచ్చి వెయ్యగానే మిషను అందుకుంది. ఏడుకొండలు మోటారు చప్పుడు చెవి పెట్టి కాసేపు విని, రేకు బిగించాడు. ఆ చిప్పులో రాత ఇప్పుడు తన కంప్యూటర్లో కూడా భద్రంగా ఉందనీ, ఎప్పుడైనా దెబ్బ తింటే గంటలో కొత్తది రాసి తెస్తాననీ చెప్పాడు.

"నిత్యానందం ఎట్లున్నాడు?" అన్నాడు జ్ఞానయ్య, చెప్పిందంతా పక్కన పెట్టి.

"బాగున్నాడు. మీ చిప్పుతో మిషను నడుస్తాంటే, దాన్ని తీయించింది కూడా ఆయనే. మాట ప్రకారం మీకు చేరాలని."

జ్ఞానయ్య తల పంకించాడు. మేకపాలు కాచి గ్లాసులో పోసిచ్చాడు. ఏడుకొండలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్న సంగతి ఆ పాలు గొంతు దిగుతుంటే గుర్తొచ్చింది.

తిరిగి మార్కాపురం వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఇంటికి పోకుండా నేరుగా నిత్యానందం ఇంటికే పోయాడు. అక్కడ పాపమ్మ ఉంది. కాళ్ళ నొప్పులని వీధి చివరికి కూడా రాని మనిషి, చిక్కుడుకాయ కూర గిన్నె చేతిలో పట్టుకుని అంత దూరం నడిచొచ్చింది. చేసిన సంగతంతా తనే చెప్పేసుకుందట. నిత్యానందం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటే రత్నమ్మ కేకలేసిందట.

"వచ్చే దసరాకి మా మిషనుకి కూడా పెడతావా చెల్లెమ్మా?" అంటున్నాడు నిత్యానందం, ఏడుకొండలు గడప దాటేసరికి.

"పెడతాలే అన్నయ్యా. పైన పెడతా. నోరున్న దేన్లోనూ ఇంక పెట్టను," అంది పాపమ్మ.

ఆడవాళ్ళిద్దరూ వంటింట్లోకి పోయారు. ఏడుకొండలు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మిషను ఒక పద్ధతిగా గుర్రుమని లాగుతోంది, బుసమని వదులుతోంది. దాన్ని తిట్టడానికి ఏమీ దొరకలేదు. నిత్యానందం తన మంచం మీద, తన దిండుకి తల ఆనించి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. ఛాతీ నింపాదిగా లేచి దిగుతోంది. సిలిండరుని ఎవరో మూలకి జరిపి, దాని మీద తుండుగుడ్డ ఆరేశారు.

ఏడుకొండలుకి అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు. ఆ చప్పుడు వినడానికే కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా కొండ మీద నిలబడి అనుకునే మాట ఇవాళైనా చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. "మామా, ఆ రోజు గేటు దగ్గర నువ్వు నన్ను..." అన్నాడు. మిగతా ముక్క వదిలేసి, మడత పడని గొట్టాన్ని సరిచేశాడు.

నిత్యానందం కళ్ళు తెరిచి చూశాడు. దుమ్ము తిన్న చెయ్యి, వేళ్ళ కొసలన్నీ అరిగిపోయిన చెయ్యి చాపి, ఏడుకొండలు రెక్క పట్టుకున్నాడు.

"ఇంటికి పో," అన్నాడు. కాసేపు గాలి పీల్చుకుని, "రేపు కనపడు," అన్నాడు.